సొట్ట మేడ

సువర్చల ఒకప్పుడు ఊహానగరాల బొమ్మలు గీసేది. ఇప్పుడు గీసే పని లేదు. వంటింటి వస్తువొకటి కెమెరా ముందు పెడితే చాలు, యంత్రాలు అదే ఆకారంలో మేడ కట్టేస్తాయి. పోయిన ఏడాది ఆమె స్టీలు బిందె పెట్టింది. నడుం దగ్గరి సొట్టతో సహా బిందె మేడ లేచి, ఇడ్లీపాత్ర మేడ పక్కన నిలబడింది.

ఆదివారం ఆడపడుచు హేమనళిని వచ్చింది. సువర్చల భర్త గౌరీపతి అక్కను బాల్కనీలోకి తీసుకెళ్లి ఆ మేడ చూపించాడు.

"ఆ సొట్టలో ఉన్న ఫ్లాట్లకే గిరాకీ అక్కా, తెలుసా?" అన్నాడు.

"ఎంత బావుందో! అంత వంపు ఎలా తట్టిందే నీకు?" అని హేమనళిని మరదల్ని అడిగింది.

సువర్చల కాఫీ గ్లాసు అందించింది. "నాకు తట్టలేదు వదినా. మీ తమ్ముడు ఆ బిందెను నా మీదికి విసిరారు. నేను తప్పుకుంటే గోడకి తగిలింది."

వాళ్లిద్దరూ నవ్వారు. ఆమె కాఫీ చల్లారకముందే తాగమంది.

సాయంత్రం ఆ మేడలు కట్టించే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, జనానికి ఆ సొట్ట తెగ నచ్చింది. ఓ వీధికి సరిపడా సొట్ట గిన్నెలు దొరుకుతాయా?"

"చూస్తాను" అని సువర్చల వంటింట్లోకి వెళ్లింది. అలమారలోని గిన్నెలు ఒక్కొక్కటే దించి కెమెరా ముందు పెట్టింది. ఏరాల్సిన పని పడలేదు.