పోటీకి ఇద్దరు

"మళ్లీ తిట్టాడా ఆ గద్ద?" అంది కండక్టరమ్మ గొంతు, బల్లమీది కంప్యూటర్లోంచి.

కండక్టరమ్మ పెదాలు కదల్లేదు. ఆమె టైపు చేసి మీట నొక్కితే మాట అదే పలుకుతుంది. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆమెకి మిగిలింది అదొక్కటే. అయినా అది అరువు గొంతు కాదు. బస్సు చివరి సీటుదాకా వినపడేలా "లోపలికి జరగండి, చిల్లరివ్వండి" అని కేకలేసిన ఆమె సొంత గొంతే. ఆపరేషన్‌కి ముందు ఆమెని మైకు ముందు కూర్చోబెట్టి రోజుల తరబడి చదివించి, మొహమైనా తెలియనివాళ్లెవరో పైసా తీసుకోకుండా తయారుచేసి పెట్టారు.

"తిట్టక ముద్దు పెట్టుకుంటాడా?" అన్నాడు భర్త, తెరమీంచి చూపు తీయకుండా. అతను కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఎంత కడిగినా గోళ్లలో నూనె నలుపు పోదు. "ఎవరూ వాడని పాత గొంతులు పీకేస్తే సర్వర్ తేలికపడుతుందట. కమిటీలోకి రాగానే మొదట చేసే పని అదేనట."

"ఎవరూ వాడనివా? మరి నేనెవర్ని?"

ఆమె తమ్ముడు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అందుకున్నాడు. "ఏం బావా, ఎన్నికల్లో నిలబడ్డావట! గోడలమీద నీ బొమ్మలేయిద్దామా?"

"నీకన్నీ ఎగతాళే."

"కాదు బావా, అసలీ గొంతులు చేసే కంపెనీ ఎవరిది?"

"ఎవరిదీ కాదు. ఓపెన్ సోర్స్ అంటే అంతే. ఎవడైనా వాడుకోవచ్చు, ఎవడైనా బాగుచేయొచ్చు. చేసేవాళ్లంతా కలిసి కమిటీని ఎన్నుకుంటారు. సర్వర్ మాత్రం ఒక సంస్థ ధర్మానికి ఇచ్చింది. వాళ్ల షరతు ఒకటే. కమిటీకి పోటీ జరగాలి, వాదన జరగాలి, అందరి కళ్లముందూ. పోటీకి ఇద్దరైనా లేరంటే, ఇక్కడ మనుషుల్లేరని తాళం వేసేస్తారు."

"వేస్తే?"

ఈసారి కంప్యూటరే బదులిచ్చింది. "వేస్తే నేను మూగదాన్ని."

తమ్ముడి నవ్వు పోయింది. "పోనీ, అక్క గొంతు మనింటి కంప్యూటర్లోకి దించేసుకోరాదూ?"

"ఈ డొక్కుకి అంత ఊపిరెక్కడిది? ఇక్కడ టైపు చేస్తే అక్కడి పెద్ద మిషన్లు పలికి పంపుతాయి."

ఒకప్పుడు ఆ పనిచేసేవాళ్లంతా వాదించుకునే ఆన్‌లైన్ చర్చావేదిక సంతలా ఉండేది. కమిటీకి ఎన్నికలంటే బారులు తీరి నిలబడేవారు. తర్వాత ఒకరికి పెద్ద ఉద్యోగం వచ్చింది, ఒకరికి కవలలు పుట్టారు, చాలామందికి విసుగు పుట్టింది. ఊరికే చేసిపెట్టేవాణ్ణి లోకం జీతగాడికన్నా ఎక్కువ దబాయిస్తుంది మరి. విడిగా ఎవరైనా సందేశం పంపితే, అందుకున్నవాళ్ల ఫోన్ తలుపు తట్టినట్టు టక్ టక్ మనేది. ఆ రోజుల్లో ఈ ఇంటి తలుపు పొద్దస్తమానం ఎవరో ఒకరు తడుతూనే ఉండేవారు. ఆ చప్పుడు విని కండక్టరమ్మకి ఎన్నాళ్లయిందో. ఇప్పుడు అక్కడ మిగిలింది ఇద్దరి కొట్లాటే. ఒకడు తన మొగుడు, రెండోవాడు గద్ద బొమ్మ పెట్టుకున్న ఆ పేరులేనివాడు.

"అయితే ఆ గద్దని తప్పుకోమను బావా. కాళ్లో గడ్డమో పట్టుకుందాం."

"తప్పుకుంటే ఎలా? నేనొక్కణ్ణే మిగుల్తాను, ఎన్నిక చెల్లదు. వాడుండాలి."

"శత్రువు చల్లగా ఉండాలని కోరుకునేవాణ్ణి నిన్నే చూశా!"

"వాడు మరీ అంత రాక్షసుడు కాడులేరా," అంది కంప్యూటర్. "మీ బావ జ్వరమొచ్చి మంచాన పడ్డన్నాళ్లూ ఒక్క మాటా అనలేదు."

"వాడికీ ఏ జ్వరమో వచ్చుంటుంది," అన్నాడు భర్త.

"మరి ఓట్లేసేవాళ్లున్నారా?"

"ఉంటారు," అన్నాడు భర్త. ఉన్నారు అనలేదు.

"నిజం చెప్పు బావా, వాడే గెలిస్తే?"

"గెలవడు."

"ఏంటి నీ ధీమా?"

భర్త లేచి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. తమ్ముడు కూడా "వస్తానక్కా" అని లేచాడు.

ఆ ధీమా కండక్టరమ్మకి కొత్త కాదు. కొట్టుకి బేరాలు పడిపోయినప్పుడూ అదే ధీమా. డాక్టరు రిపోర్టు చేతికిచ్చిన రోజునా అదే ధీమా. అతను ఏం కాదన్నదల్లా అయి కూర్చుంది.

స్నానాలగదిలో నీళ్ల చప్పుడు మొదలైంది. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, వేదికలో తన పేరుతో లోపలికి వెళ్లింది. గద్ద బొమ్మమీద నొక్కి, అతనికి తప్ప ఇంకెవరికీ కనపడకుండా విడిగా రాయడం మొదలుపెట్టింది.

"అయ్యా, మీరెవరో, ఏ దేశంలో ఉన్నారో నాకు తెలియదు. మా ఆయనది మోటు నోరు, మనసులో పెట్టుకోకండి. మీరు గెలిస్తే పాత గొంతులు తీసేస్తానన్నారు. తీసేయండి. నాదొక్కటి ఉంచండి. ఏం గొప్ప పనులకి కాదు. అన్నం వడ్డించానని ఆయన్ని పిలవడానికి నాకు అదొక్కటే ఉంది."

రెండుసార్లు చదువుకుంది. మరీ దేబిరించినట్టు ఉందేమో అనిపించింది. ఉంటే ఉండనీ. తిట్టే మనిషైనా మనిషేగా. అంత పెద్ద వేదికలో వినే మనిషి ఒక్కడు మిగిలినా చాలు.

మీట నొక్కింది.

కొక్కేనికి వేలాడుతున్న భర్త చొక్కా జేబులో ఫోన్ టక్ టక్ మంది.