ఎడమవైపు ముడి

చీటీలో ఆరు పనులున్నాయి.

కుర్చీలు అరవై. మైకు. వంటవాళ్లకు మరోసారి ఫోను. అత్తయ్యను తీసుకురావడానికి కారు. అందరి దగ్గరా పుస్తకాలు తీసుకుని బల్ల మీద పేర్చడం. అద్దాల పెట్టె తుడవడం.

మొదటి నాలుగూ మేనకోడలు పొద్దున్నే పూర్తిచేసి కొట్టేసింది. చివరి రెండూ ఎవరికీ అప్పగించలేదు. అవి మామయ్య కోసం, తనే చేయాలి.

మామయ్య ఒక ప్రెస్సులో బైండరు. చుట్టాల పిల్లల్లో ఎవరి పాఠ్యపుస్తకం చిరిగినా ఆయన దగ్గరికి చేరాల్సిందే. నీలం గుడ్డ అట్ట. మూడు కన్నాల కుట్టు. లోపల, నడిమి కన్నానికి ఎడమపక్కన చిన్న ముడి.

ఆ ముడి చూస్తే చాలు, మామయ్య పుస్తకమని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది.

అలా కుట్టిన పాత పుస్తకాలతోనే ఆ కుటుంబంలోకి మొదటి డిగ్రీ వచ్చింది. మేనకోడలిదే. ఫలితాలు వచ్చేసరికి మామయ్య లేడు.

అందుకే ఈ ఏడాది చుట్టాలందరూ కలిసే రోజున ఆయన పేరు మీద బహుమతి పెట్టారు. అద్దాల పెట్టెలో ఆయన దబ్బనం, మూత మీద ఎడమవైపు ముడి బొమ్మ. మొదటిది ఆమెకే ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు.

ఆమెకు ఒకటే వెలితి. కాగితాలు కోసే మిషను ఉందని మామయ్య పిల్లల్ని ప్రెస్సులో బైండింగు గదిలోకి రానిచ్చేవాడు కాదు. ఆ ముడి వేసే చేతుల్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. కలలో పుస్తకాలు కనిపించేవి, చేతులు కనిపించేవి కావు.

బ్యానరు కట్టి వెనక్కి తిరిగేసరికి, బల్ల దగ్గర ఎవరో పెద్దాయన. ఆమె ఆర్థికశాస్త్రం పుస్తకం ఆయన ఒళ్లో ఉంది.

"పెద్దాయనా! ముట్టుకోకండి, అవి చూడ్డానికి పెట్టినవి."

"పేజీలు ఊడొస్తున్నాయని తీశానమ్మా."

"ఊడినా పర్లేదు. మా మామయ్య కుట్టినవి. ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు."

ఆయన నవ్వాడు. "లావు పుస్తకం. దీనికి రెండు సూదులు విరిగాయి."

"మామయ్య చెప్పాడా?"

ఆయన అట్ట మీద చెయ్యి నిమిరాడు. "ఆ... మామయ్యే చెప్పాడు."

"మీరూ ప్రెస్సేనా?"

"పక్క బల్ల. డిగ్రీ అయ్యింది నువ్వేనా?"

"నేనే. ఫస్టు క్లాసు."

"అబ్బో! ఫస్టు క్లాసే!" అన్నాడు, సొంత కూతురు పాసైనంత సంబరంగా.

గుమ్మంలోంచి పిన్ని కేకేసింది. "ఏమే, బహుమతి తీసుకునేదానివి ఆ చెమటేంటి? ఫొటోలో బొగ్గుల బస్తాలా పడతావు! పోయి మొహం కడుక్కో!"

"వస్తున్నా పిన్నీ!" అని, ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "ఏమనుకోకండి. ఇది మా ఇంట్లోవాళ్ల కార్యక్రమం, కుర్చీలు కూడా సరిగ్గా లెక్కకే వేశాం. మధ్యాహ్నం భోజనానికి రండి."

"ఆకలేం లేదమ్మా. చూద్దామని వచ్చాను, చూశాను."

పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, అంచు అరచేత్తో సరిచేసి వెళ్లిపోయాడు. మర్యాదగానే పంపించానని ఆమె అనుకుంది.

పదకొండు దాటాక అత్తయ్య వచ్చింది. కూర్చోకుండానే హాలంతా వెతికింది.

"మామయ్య పక్క బల్ల ఆయన రాలేదా? ఎన్నేళ్లు పిలిచినా రానివాడు, ఇవాళ వచ్చి పోతానన్నాడు. పదకొండింటి రైలుకి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడే, మళ్లీ రాడు."

"వచ్చాడు అత్తయ్యా... నేనే పంపేశాను. మనవాళ్లు కాదు కదా అని."

అత్తయ్య బల్ల దగ్గరికి నడిచింది. బల్ల మీద అన్నిటికంటే పాతది, పెద్దబావ ఒకటో తరగతి వాచకం, తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది మీ మామయ్య కుట్టు. ముడి ఎటుందో చూడు."

"కుడివైపు."

"మిగతావి?"

చూడక్కర్లేదు. వాటి బొమ్మే పెట్టె మూత మీద ఉంది.

"నువ్వు నాలుగో తరగతిలో ఉండగానే మీ మామయ్యకి చూపు తగ్గిపోయింది. సూదిలో దారం ఎక్కించలేకపోయేవాడు. మడతలూ, జిగురూ ఈయన. కుట్టంతా పక్క బల్ల ఆయన. ఆయనది పుర్రచెయ్యిలే, అందుకే ముడి ఎడమపక్కకి పడేది. చెబుదామంటే ఒప్పుకునేవాడు కాదు. 'పిల్లలు మామయ్య కుట్టాడనుకునే చదువుకోనీ చెల్లెమ్మా, అదే బాగుంటుంది' అనేవాడు."

ఆమె వీధిలోకి పరుగెత్తింది. రెండువైపులా ఎవరూ లేరు.

తిరిగొచ్చి ఆర్థికశాస్త్రం పుస్తకం తెరిచింది. ఊడిన పేజీలు కదలడం లేదు. మైనం రాసిన కొత్త దారం ఇంకా వేలికి అంటుతోంది. నడిమి కన్నానికి ఎడమపక్కన, చిన్న ముడి.

ఆమె బ్యానరు కడుతూ వీపు తిప్పి నిలబడ్డప్పుడు, మూడడుగుల దూరంలో, ఆ చేతులు ముడి వేస్తున్నాయి.

మైకులో ఆమెను పిలిచారు. ఆమె వెళ్లి అరవై ఒకటో కుర్చీ తెచ్చి ముందు వరసలో వేసింది. అద్దాల పెట్టెను దాని మీద పెట్టింది.

తర్వాత అత్తయ్యనడిగి, పెద్దాయన కూతురింటి చిరునామాకి ఉత్తరం రాసింది. ఆమె ఫలితాలకు మామయ్య అందలేదు. ఆమె ఉత్తరం చేరేసరికి పెద్దాయనా లేడు.

ఎప్పుడైనా పాత పుస్తకాల కొట్టులో నీలం అట్ట పుస్తకం కనిపిస్తే, ఒకసారి తెరిచి చూడండి. ముడి ఎడమవైపు ఉంటే, పక్క బల్ల పెద్దాయనను ఒక్క క్షణం తలచుకోండి.