గోడవైపు తిరిగిన మనిషి

సోమవారం ఉదయం ఆరింటికి డ్రైవర్ దగ్గర రైఫిల్ తీసేసుకున్నారు.

తీసుకున్నది మేజర్. తీసుకోమన్నది డాక్టరు. బెల్టు, బూట్ల లేసులు, గడ్డం గీసుకునే బ్లేడు కూడా పట్టుకుపోయారు.

కారణం అందరికీ తెలుసు. చలికాలంలో సరిహద్దు రోడ్డు మీద ఒక లారీ మందుపాతర మీదికెక్కింది. అందులోవాళ్ళు ముగ్గురూ పోయారు. దాని వెనక లారీ నడుపుతున్నది ఇతనే.

ఇప్పుడు సరిగ్గా తినడు. నిద్రపోడు. చిన్న చప్పుడుకి ఉలిక్కిపడతాడు. లారీ నడపలేకపోతున్నాడని తోటివాళ్ళే చెప్పారు.

డాక్టరు అడిగాడు. కలలొస్తున్నాయా? వస్తున్నాయి. మందు అలవాటుందా? లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా? డ్రైవర్ కిటికీ వైపు చూశాడు.

"ఒక్కణ్ణే వదలకండి," అన్నాడు డాక్టరు మేజర్‌తో. "ఫోన్ మాత్రం ఉంచండి. ఇంటివాళ్ళతో మాట్లాడుతుంటే నిలబడతాడు."

కాపలాకి రేడియో ఆపరేటర్‌ని వేశారు. ఇద్దరూ ఒకే రోజు సైన్యంలో చేరారు. చుట్టరికం లేదు. అయినా బావా అంటే బావా.

"నా ఖర్మ చూడు బావా. సరిహద్దు కాసినవాణ్ణి, నీ మంచం కాస్తున్నా."

"మంచం పారిపోదులే. నువ్వు పడుకో."

"నేను పడుకుంటే నా గురకకి నువ్వే పారిపోతావు."

డ్రైవర్ నవ్వలేదు. ఫోన్ తీసి గోడవైపు తిరిగాడు.

ఆ బారక్‌లో ఒక మర్యాద ఉంది. ముప్పై మంచాల మధ్య తలుపు వేసుకునే చోటు లేదు. అందుకని ఎవరైనా ఫోన్‌తో గోడవైపు తిరిగితే ఇంటికి వెళ్ళినట్టే లెక్క. మిగతావాళ్ళు అటు చూడరు. మేజర్ వచ్చినా కాసేపు ఆగుతాడు. ఆపరేటర్ కూడా వీపు తిప్పి కూర్చున్నాడు.

"మాట వినపడదేం బావా? చెల్లెమ్మతో దెబ్బలాటా?"

"నా గొంతు వింటే ఏడుస్తుంది. రాసుకుంటున్నాం."

"నేనడిగానని రాయి."

"రాశా."

మంగళవారం ఛార్జింగ్ అయిపోతే ఆపరేటర్ తన ఛార్జరు ఇచ్చాడు. నెట్ అయిపోతే తన ఫోన్ నుంచి కలిపాడు. డ్రైవర్ చేతికి వాచీ లేదని అప్పుడు గమనించాడు.

"పెళ్ళినాటి వాచీ ఏది?"

"తీసేశా. చూస్తుంటే టైం కదలట్లేదు."

బుధవారం మధ్యాహ్నం గోడవైపు నుంచి నవ్వు వినిపించింది. ఆపరేటర్ ఆ కబురు మోసుకుని మేజర్ దగ్గరికి వెళ్ళాడు.

"నవ్వాడు సార్. నన్ను పట్టుకుని గట్టిగా వాటేసుకున్నాడు. రెండోసారి వడ్డించమని అడిగి మరీ తిన్నాడు."

"చూశావా, ఇంటి మాట అలా పనిచేస్తుంది," అన్నాడు మేజర్. "అతని ఫోన్ జోలికి ఎవరూ వెళ్ళకండి."

సాయంత్రానికి డ్రైవర్ మళ్ళీ మాట మానేశాడు. ఫోన్ దించలేదు. చొక్కా వీపు మీద తడిసిపోయింది. ఆపరేటర్ లేచి అతని వెనక్కి వెళ్ళాడు. మెడ వంచితే తెర కనపడేది. మొగుడూ పెళ్ళాల మధ్య తల దూర్చడం బాగుండదని వెనక్కి వచ్చేశాడు.

గురువారం ఉదయం హాజరు పిలిస్తే డ్రైవర్ పలకలేదు. ఆపరేటర్ ముఖం కడుక్కుని వచ్చేసరికే మంచం ఖాళీగా ఉంది. దిండు మీద ఫోన్ ఉంది. తొమ్మిదింటికి బారక్ వెనక పారే కాలువ తలుపుల దగ్గర అతని శవం దొరికింది.

విచారణకు వచ్చిన అధికారి ఆ ఫోన్ లాక్ తీయించాడు.

ఆ వారంలో ఇంటికి వెళ్ళిన మెసేజ్ ఒక్కటీ లేదు. పగలూ రాత్రీ కట్టిన ఆన్‌లైన్ పందేలున్నాయి, వాటిలో మొదటిది మందుపాతర పేలడానికి ఏడాది ముందుది.