చప్పుడు లేని వాకిలి

సుభద్ర గిన్నె పట్టుకుని ఎదురింటి గడప దగ్గరికి వచ్చేసరికి, దేవవ్వ వాకిట్లో ఆడుకుంటున్న మనవణ్ణి చంకనేసుకుని లోపలికి పోయింది. తలుపు దగ్గరగా వేసి ఒక్కతే తిరిగి వచ్చింది.

“ఉసిరికాయ పచ్చడి పెట్టానండీ. మీకూ కాస్త తెచ్చాను,” అంది సుభద్ర.

“ఎందుకు పరేషానైనవ్ బిడ్డా,” అంటూ దేవవ్వ గిన్నె అందుకుంది. కూర్చోమనలేదు. లోపల పిల్లవాడు గట్టిగా నవ్వబోతే ఎవరో నోరు మూసినట్టు ఆ నవ్వు ఠక్కున ఆగిపోయింది. దేవవ్వ నేల చూపులు చూస్తూ నిలబడింది. సుభద్ర వెనక్కి తిరిగింది.

కరీంనగర్‌లో ఆ నేతవాడకు వాళ్ళు వచ్చి వానాకాలం గడిచిపోయింది. రెండు ప్రాంతాలూ కలిసి కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక కోస్తా వైపు నుంచి వచ్చిన ఉద్యోగుల్లో ఆమె భర్త కామేశ్వరం ఒకడు. కచేరీలో గుమాస్తా. తెనాలిలో కుదురుగా ఉన్నవాడు, తానే పైవాళ్ళను బతిమాలి ఇంత దూరం వేయించుకున్నాడు. అంతకుముందు వేసవిలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, నాలుగేళ్ళ రమణి, టైఫాయిడ్‌తో పోయింది. ఆ రోజు కూడా అతని కంట నీటిచుక్క రాలేదు. పిల్ల బొమ్మలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆ పేరే ఎత్తలేదు. ఈయన గుండె రాయి అనుకుంది సుభద్ర.

ఆమె మాత్రం ఈ వీధిని చూడగానే కాస్త తెప్పరిల్లింది. ఇంటింటా మగ్గం చప్పుడు, ఇంటింటా పిల్లలు. ఏ పిల్లో వచ్చి కొంగు పట్టుకోకపోతుందా, ఆ పిల్లకు జడ వేయకపోతానా అని ఆశపడింది. కానీ వీధి మొగలో గోల చేస్తూ వచ్చే పిల్లలు వాళ్ళ వాకిలి దగ్గరికి రాగానే మాటలు మింగేసి నడిచేవారు. బావి దగ్గర ఆడవాళ్ళు తమ పిల్లల ముచ్చట్లు చెప్పుకుంటూ, ఆమె బిందె కనబడగానే వానల గురించో నూలు గురించో అందుకునేవారు. రమణి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అందుకే తన యాసే వాళ్ళకు గిట్టలేదనుకుంది. అటువాళ్ళొచ్చి ఇక్కడివాళ్ళ కొలువులు ఎగరేసుకుపోతున్నారన్న మాట అప్పటికే ఆమె చెవిన పడింది. ‘జర’ అనీ ‘గట్లనే’ అనీ నేర్చుకుని బావి దగ్గర పలికింది. వాళ్ళు నవ్వారు, బాగానే నవ్వారు. అయినా ఒక్కరూ ఆమె గడప తొక్కలేదు.

భర్తతో చెప్పుకుంది. దీపాలు పెట్టాకగాని ఇల్లు చేరని మనిషి అతను. వస్తూనే వీధివైపు కిటికీలు మూసేసేవాడు. వాళ్ళ తీరే అంత, మనకెందుకు అని పేపరు తెరిచాడు.

చలికాలంలో దేవవ్వ కూతురు శంకరవ్వ పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. బిడ్డను ఉయ్యాల తొట్టెలలో వేసే రోజు పొద్దున్నే దేవవ్వ బొట్టుపెట్టె పట్టుకుని బయల్దేరి, వీధిలో ఒక్కో గడపా ఎక్కుతూ వచ్చింది. సుభద్ర తలంటుకుని, పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని తలుపు తీసి నిలబడింది. దేవవ్వ ఆ వాకిలి ముందు ఒక్క క్షణం తటపటాయించి, తల దించుకుని, అవతలి ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం డప్పులు మోగాయి. పాటలు వినిపించాయి. కామేశ్వరం ఇల్లు చేరేసరికి ఆమె ఆ పట్టుచీరలోనే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“మనం వెళ్ళిపోదామండీ,” అంది. అతను ఎందుకని అడగలేదు. మర్నాడే అర్జీ పెట్టాడు.

గుంటూరుకు బదిలీ అయింది. బయల్దేరే రోజు జట్కాలో సామాను వేస్తుండగా సుభద్ర ఉండబట్టలేక దేవవ్వ ఇంటికి వెళ్ళింది. అడగదలచింది అడిగేసింది.

“మీకు నేనేం అపకారం చేశాను? మీలో ఒకదాన్ని కావాలని ఎంత ఆశపడ్డానో తెలుసా?”

దేవవ్వ తెల్లబోయింది.

“నువ్వేం జేసినవ్ బిడ్డా. మీరు దిగిన దినమే మీ సారు ఇల్లిల్లు తిరిగిండు. మా ఆమెకు పిల్ల సచ్చిపోయింది, పోరగాండ్లు కండ్లవడితే, వాండ్ల సప్పుడు ఇంటే ఆమె బతకదని చేతులు జోడిచ్చిండు. గంత మొగోడు మా గడపల కూసోని ఏడ్సిండు. నీ కడుపుల మంట ఎక్కువైతదేమోనని మా పోరగాండ్ల నోర్లు మూసినం. బొట్టుపెట్టె వట్టుకోని నీ ముంగటికెంచి పోయిననాడు నాకు బువ్వ దిగలే.”

ఆ మాటలు అర్థం కావడానికి సుభద్రకు కాసేపు పట్టింది. ఈలోగా దేవవ్వ లోపలికి వెళ్ళి మనవరాలిని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. నూనె వాసన వేస్తున్న ఆ పసిగుడ్డును గుండెలకు అదుముకుని సుభద్ర బావురుమంది. పిల్లా అందుకుంది. దేవవ్వ కొంగుతో ఇద్దరి కళ్ళూ తుడిచింది. వీధిలో జట్కా దగ్గర నిలబడ్డ కామేశ్వరం పిల్ల ఏడుపు వినగానే గబగబా వీధి మొగ వైపు నడిచిపోయాడు.

బస్సు మానేరు నది దాటాక సుభద్ర అతని వైపు తిరిగింది.

“పిల్లల గొంతు వింటే బతకనని నేను మీతో ఎప్పుడన్నానండీ?” అంది. “ఆ గొంతుల కోసమే కదా అన్నాళ్ళూ తలుపు తీసుకుని కూర్చున్నది?”

కామేశ్వరం కిటికీలోంచి చూపు తిప్పలేదు. అతని భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“బతకలేనిది నేను,” అన్నాడు.