లమారా తరఫు మనిషి

బస్సు దిగిన వాళ్ళందరికీ ఎవరో ఒకరు ఎదురొచ్చారు. జుంబర్‌కి ఎవరూ రాలేదు. జార్జియాలోని పల్లె నుంచి గ్రీసు దేశపు థెస్సలొనీకి నగరం చేరడానికి రెండు పగళ్ళు, రెండు రాత్రులు పట్టింది. అరవై రెండేళ్ళొచ్చినా అతను అంతవరకు సొంత దేశం దాటలేదు. సముద్రం ఎటుందో అడగలేదు. చిరునామా కాగితాన్ని టాక్సీవాడి ముఖం ముందు పెట్టాడు. వాడు చదివి, రేడియో కట్టేశాడు.

శ్మశానం ఆఫీసులో గుమాస్తా గోడ గడియారం చూపించి ఏదో అరిచాడు. బకెట్టు పట్టుకుని నిలబడ్డ ఒక ముసలావిడ జార్జియన్‌లో అందుకుంది.

“పన్నెండు దాటితే ఉమ్మడి గోతిలో పోసేస్తాడట. ఇక్కడ మట్టి మూడేళ్ళే. ఆపైన ఎముకలు తీసి, కడిగి, అయినవాళ్ళకి ఇచ్చేస్తాం. ఎవరికోసం వచ్చావు?”

“లమారా.”

“ఓహో! ఇప్పటికి తీరిందా దొరగారికి?”

ఆమె పేరు థియోనీ. ముప్పై ఏళ్ళ కిందట జార్జియా నుంచి వచ్చేసిన గ్రీకు మనిషి. ఎముకలు కడగడం ఆమె పని. లమారాని బతికుండగా ఎరుగును.

“భర్తకో పిల్లలకో తప్ప ఇవ్వడు. లమారాకి పిల్లలు లేరుగా. కాగితం తెచ్చావా?”

జుంబర్ లోపలి జేబులోంచి తీశాడు.

“భర్త సంతకం ఉందా?”

“ఉంది.”

గుమాస్తా కింద ముద్ర చూశాడు. పైన, ఎముకలు ఎవరి చేతికివ్వాలో రాసింది చదవలేదు. తల ఊపాడు.

వెనక రేకుల షెడ్డులో థియోనీ బేసినులోకి ఎర్ర ద్రాక్షసారా వంచింది. ఒక్కో ఎముకా కడిగి తెల్లగుడ్డ మీద పేరుస్తోంది. జుంబర్ టోపీ తీసి నిలబడ్డాడు.

“ఎడమ మణికట్టు చూపించు.”

“ఎందుకు? వేరే వాళ్ళ ఎముకలు అంటగడతాననా?”

“చూపించు.”

ఆమె చూపించింది. విరిగి అతుక్కున్న చోట చిన్న బొడిపె. జుంబర్ దాన్ని వేలితో తడిమాడు.

“అక్రోటు చెట్టు మీంచి పడింది. పద్నాలుగేళ్ళప్పుడు. బళ్ళోంచి వస్తూ. ఇంటిదాకా నేనే మోశాను.”

“అంటే చిన్నప్పటి నుంచీ ఎరుగుదువు! ఎరిగుండీ పరాయి దేశానికి తోలేశావు, మంచాన పడ్డ ముసలాళ్ళ గుడ్డలు ఉతకమని.”

“నేను పంపలేదు.”

“మగాళ్ళందరిదీ ఇదే మాట. వచ్చిందంతా ఇంటికే పంపేది. మేడ లేచిందా?”

“లేచింది.”

“బాగుంది. అది చచ్చి మూడేళ్ళు. పాతిపెట్టిన రోజు రాలేదు. ఒక్కసారి సమాధి మీద దీపం పెట్టలేదు. నేనే పెట్టాను. నా నూనె పోసి.”

జుంబర్ తల వంచుకున్నాడు.

“నా గురించి ఎప్పుడైనా ఏమైనా అందా?” అన్నాడు చివరికి.

“ఎవరి గురించీ అనేది కాదు. నవ్వేది. అంతే.”

థియోనీ ఆఖరి ఎముక తుడిచి, అన్నీ చిన్న రేకు పెట్టెలో సర్ది, మూత వేసింది. పెట్టె అతని చేతుల్లో పెట్టింది. అతను దాన్ని గుండెలకి ఆనించుకున్న తీరు చూసి ఆమె గొంతు తగ్గింది.

“సరేలే, ఏడవకు. ఆలస్యమైనా వచ్చావు. ఎంతైనా మొగుడివి.”

జుంబర్ కదల్లేదు.

“ఇంకోసారి అను.”

“ఏంటి, తిట్టమనా?”

“కాదు. ఆఖరి మాట.”

“మొగుడివి అన్నాను. అందులో ఏముంది?”

లమారా మొగుడని అతన్ని ఎవరైనా అనడం జీవితంలో అదే మొదటిసారి.