టెంటు సంచి

కరోనా భయానికి బయటివాళ్లు రాకుండా అరకు దగ్గర మా ఊరి దారికి అడ్డంగా దుంగ వేసుకున్న రోజులవి. ఇంట్లో విసుగెత్తి మా మనవరాలు జాయ్స్, కాఫీ తోటలో టెంటు వేసుకుని రెండు రోజులు ఉంటానంది.

"సలికి సచ్చిపోతావే గుంటా! ఎలుగుబంట్లు తిరుగుతన్నాయి. నువ్వు నేకపోతే నానేటైపోను?" అని ఏడ్చాను.

"నీకన్నిటికీ బయ్యమే మామ్మా! సర్లే, ఎల్లను," అని నవ్వింది. నవ్వుతూ దగ్గింది. మళ్లీ దగ్గింది.

చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. టెంటు సంచి గుమ్మం బయట పడేసి, "బేగి ఎల్లు," అన్నాను. అది గడప దాటగానే గడియ వేశాను.

"మామ్మా, పొయ్యి మీద నీకు జావ కాసినాను. సల్లారకముందే తాగీ," అంది బయటినుంచి.

ఆ జావ కూడా పారబోశాను.