విసుక్కోని గొంతు

"పైడమ్మకేటి, కూతురికి పలకే సదువు సెప్తాది, తను కాళ్లు సాపుకుని కూకుంటాది" అని పక్కింటి నూకాలు కుళాయి దగ్గర అన్నదట.

లెక్కలు తొందరగా పట్టుబడని పిల్లలందరినీ బడి ఇళ్లకే పంపేసి, తలా ఒక మాట్లాడే పలక ఇచ్చి మూడేళ్లయింది. అది తల్లి గొంతును విని నేర్చుకొని, ఆ గొంతుతోనే, ఎన్నడూ విసుక్కోకుండా పాఠం చెబుతుంది.

నూకాలు మాట గుచ్చుకొని, పైడమ్మ ఆ పలకను ఆపేసింది. చాప మీద చింతపిక్కలు పోసి కూతుర్ని తానే కూర్చోబెట్టుకుంది. తొమ్మిదేళ్ల గౌరి ఆరు తర్వాత ఎనిమిది అంది. పైడమ్మ మూడుసార్లు మెల్లగా దిద్దింది. నాలుగోసారికి గొంతు లేచింది.

"ఏడమ్మా, ఏడు! ఎన్నిమార్లు సెప్పాలే నీకు?"

గౌరి చెవులు మూసుకుంది. ఆగిపోయిన పలకను ఒళ్లోకి లాక్కుంది.

"మా అమ్మ అరవదు. నువ్వు లెగిసి ఎలిపో."